లొంగని కుంగుబాటు – విడువని వైద్యం

(పటమట సంఘంలో స్త్రీల మైత్రి వారు ఏర్పాటు చేసిన కుటుంబ కూటంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ శతాబ్ది సంవత్సరంలో గుడులు కట్టించినవారిని గురించి, బడులు నడిపినవారిని గురించి, పల్లెపల్లెకు నడిచి సేవ చేసినవారిని గురించి పెద్దలు ఎన్నో మంచి మాటలు చెప్పారు. మాకు అప్పగించిన విషయం కొంచెం వేరు. మందులకు లొంగని మనసు జబ్బును గురించి, దానితో ఒక జీవితకాలం పోరాడిన వైద్యులను గురించి మాట్లాడమన్నారు. మేము డాక్టర్లం కాము. మాలో ఒకరు రిటైరైన నర్సు, ఒకరు రిటైరైన బడిపంతులు. అయినా ఈ జబ్బు మా ఇంట్లో ఏళ్ల తరబడి కాపురం చేసింది కనుక దాన్ని గురించి మాకు కొంత తెలుసు.

మా తమ్ముడు ఆటోనగరులో లేత్ మిషను మీద పనిచేసేవాడు. చేతిలో పని ఉన్నవాడని పేరు. 2012లో అతనికి కుంగుబాటు మొదలైంది. తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చి కూర్చునేవాడు. అన్నం సయించేది కాదు. "నావల్ల మీ అందరికీ భారమే వదినా" అనేవాడు. ఒక డాక్టరు గారు మాత్రలు ఇచ్చారు. మూడు వారాలకు గుణం కనపడలేదని మానేశాం. ఇంకొకరి దగ్గరకు వెళ్లాం. అప్పుడు మాకు దగ్గరి పెద్దలొకరు, మాత్రలు మింగుతూ ప్రార్థన చేస్తే అది సగం విశ్వాసమే అన్నారు. ఆ మాట మాకూ నచ్చింది. మిగిలిన మాత్రల అట్టలను మేమే తీసుకొనిపోయి బందరు కాలువలో పడవేసి వచ్చాం. ఉపవాస కూటాలలో కూర్చోబెట్టాం. ఆ తరువాత రెండు నెలలకు అతన్ని దాదాపు పోగొట్టుకున్నాం. దేవుని దయవలన మరదలు సకాలంలో చూసింది.

ఈ సంగతి దాచమని అతను ఎన్నడూ అనలేదు. "చెప్పండి అన్నయ్యా, మీరు పడవేసిన సంగతి కూడా చెప్పండి" అన్నాడు. అందుకే చెబుతున్నాం.

బైబిలులో మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం మనమందరం ఎరిగినదే. ఏలీయా అంతటి ప్రవక్త అరణ్యంలో ఒక చెట్టు క్రింద పడుకొని తనకు చావు రావాలని కోరుకున్నాడు. దేవదూత వచ్చి అతనికి నీ విశ్వాసం ఏమైందని పాఠం చెప్పలేదు. రొట్టె పెట్టాడు, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ లేపి తినిపించాడు. మాటలు, ప్రశ్నలు అన్నీ ఆ తరువాతనే. అన్నం, నీళ్లు, నిద్ర ముందు; మాట తరువాత. వైద్యులు నేడు చెబుతున్న వరుస కూడా ఇంచుమించు ఇదే.

"లొంగనిది" అని ఎప్పుడు అనాలి?

కుంగుబాటు మందు పూర్తి మోతాదులో పట్టాలంటే నాలుగు నుండి ఆరు వారాలు కావాలి. రెండు వేరువేరు మందులను, తగిన మోతాదులో, తగినంత కాలం వాడినా గుణం రాకపోతేనే దానిని చికిత్సకు లొంగని కుంగుబాటు అంటారు. మా తమ్ముడు మొదటి మందు వాడింది మూడు వారాలు. రెండవ మందు కాలువ పాలైంది. అంటే అతని జబ్బు అప్పటికి లొంగనిది కాదు, మేము లొంగనివ్వలేదు.

మన పెద్దలకు క్షయరోగం సంగతి బాగా తెలుసు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషనులన్నీ కలిసి క్షయ ఆస్పత్రి కట్టిన చరిత్ర మనది. దగ్గు తగ్గిందని ఆరు నెలల మందును రెండు నెలలకే ఆపితే ఏమవుతుందో మన సంఘంలో చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. మనసు మందులకు మాత్రం ఆ బుద్ధిని వాడము. విచిత్రమేమంటే, కుంగుబాటుకు వచ్చిన తొలి మందులలో ఒకటి క్షయ మందుగా పుట్టినదే. 1952లో అమెరికాలో న్యూయార్కులోని సీ వ్యూ క్షయ ఆస్పత్రిలో ఇప్రోనయాజిడ్ అనే మందు ఇస్తే, మంచం పట్టిన రోగులు లేచి నవ్వుతూ తిరగసాగారు. అలా డాక్టర్ల దృష్టి దానిమీద పడింది. ఆ రోజుల్లోనే స్విట్జర్లాండులో రోలాండ్ కూన్ అనే మానసిక వైద్యుడు ఇమిప్రమిన్ అనే మందును వేరొక జబ్బుకు పరీక్షిస్తూ, దానికి పనిచేయకపోయినా కుంగుబాటుకు పనిచేస్తున్నదని గమనించి 1957లో ప్రకటించాడు.

మందులు వచ్చాయి గాని అందరికీ మొదటి మందే పనిచేయదు. అమెరికాలో సుమారు 4,000 మంది రోగులపై చేసి 2006లో ప్రకటించిన పెద్ద పరిశోధనలో, మొదటి మందుతో పూర్తిగా కోలుకున్నవారు ఇంచుమించు మూడింట ఒక వంతు. నాలుగు మెట్లూ ఎక్కితే మూడింట రెండు వంతులు కోలుకుంటారని అప్పుడు లెక్క కట్టారు. 2023లో ఆ లెక్కను తిరిగి చూసినవారు అంతమంది కాదు, చాలా తక్కువ అన్నారు. లెక్క ఏదైనా మనం నేర్చుకోవలసింది ఒకటుంది. మొదటి మందు పనిచేయనివారే ఎక్కువమంది. కనుక అది రోగి తప్పూ కాదు, డాక్టరు మోసమూ కాదు, ప్రార్థనలో లోపమూ కాదు. తరువాతి మెట్టు ఎక్కవలసి ఉందని మాత్రమే దాని అర్థం.

ఆ మెట్టు ఎక్కేముందు మంచి డాక్టరు కొన్ని సంగతులు వెతుకుతాడు. మాత్రలు నిజంగా వేసుకుంటున్నాడా? థైరాయిడ్ తగ్గిందా? రక్తం తక్కువా? తాగుడు ఉందా? ఎప్పుడైనా అతిగా హుషారు, నిద్ర లేకుండా తిరగడం వంటివి ఉన్నాయా? అవి ఉంటే జబ్బు వేరు, మందు వేరు. ఇంట్లో కొట్లాట, వడ్డీ అప్పు, చెప్పుకోలేని బాధ ఉన్నాయా? మా తమ్ముణ్ణి చూసిన మూడవ డాక్టరు గారు మొదటి రోజు మందు వ్రాయకముందు గంటసేపు ఇవే అడిగారు. అంతకుముందు ఎవరూ అంతసేపు అడగలేదు, మేమూ చెప్పలేదు.

వరండాలో చోటిచ్చిన వైద్యం

మన తెలుగు క్రైస్తవులకు పెద్ద జబ్బు అంటే కాట్పాడి స్టేషనులో దిగడమే. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో మానసిక వైద్యానికి పునాది వేసినది కెనడా నుండి వచ్చిన మిషనరీ వైద్యురాలు డాక్టర్ ఫ్లారెన్స్ నికల్స్. అక్కడి బాగాయంలో మానసిక ఆరోగ్య కేంద్రం 1957లో వెలిసింది. రోగి వెంట ఇంటివారు కూడా వచ్చి ఉండటం అక్కడి పద్ధతి. ఆ కాలంలో పిచ్చాసుపత్రి అంటే ఎత్తైన గోడలు, తాళం వేసిన గది. ఇంటివారు గేటు దగ్గర వదిలిపెట్టి, తిరిగి చూడక వెళ్లిపోయేవారు. అదే 1950ల్లో అమృతసర్‌లో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆస్పత్రి ఆవరణలోనే గుడారాలలో ఉంచి, వారిని కూడా వైద్యంలో భాగస్తులను చేశాడు.

మిషనరీలలోను ఈ బాధ ఎరిగినవారు ఉన్నారు. ఇ. స్టాన్లీ జోన్స్ గారి పేరు మన పాత తరం వారికి సుపరిచితం. ఇండియాకు వచ్చిన తొలి ఏళ్లలో తన నరాలు, మనసు పదేపదే కుంగిపోయాయని ఆయనే వ్రాసుకున్నాడు. అటువంటి ఆయన 1950లో లక్నోలో నూర్ మంజిల్ అనే మానసిక చికిత్సా కేంద్రాన్ని స్థాపించాడు. ప్రార్థన, మందు ఒకే కప్పు క్రింద ఉండవచ్చునని ఆయన నమ్మాడు.

బెంగళూరులో ఒక జీవితకాలం

ఇక లొంగని కుంగుబాటు విషయంలో మన దక్షిణాదిన ఒక వైద్యుని జీవితాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆయన బెంగళూరు నిమ్‌హాన్స్‌లో దశాబ్దాలపాటు పనిచేసిన డాక్టర్ బి.ఎన్. గంగాధర్. 1974లో ఏర్పడిన ఆ సంస్థకు మన ఆంధ్ర ప్రాంతం నుండి వెళ్లే రోగులకు కొదవ లేదు. ఆయన అక్కడే పనిచేసి, ఆచార్యుడై, డైరెక్టరు పదవి కూడా నిర్వహించారు. 2020లో పద్మశ్రీ అందుకున్నారు.

ఆయన ఎన్నుకున్న పని ఎవరూ ముట్టుకోవడానికి ఇష్టపడనిది. అదే కరెంటు వైద్యం. ఈ మాట వినగానే ఇక్కడ కొందరి ముఖాలు మారడం మాకు కనపడుతున్నది. సినిమాలు చూసి మేమూ అలాగే భయపడ్డాం. 1938లో రోములో చెర్లెట్టి, బీని అనే వైద్యులు దీనిని మొదలుపెట్టారు. తొలినాళ్లలో మత్తు లేకుండా ఇచ్చేవారు. ఎముకలు విరిగిన సందర్భాలున్నాయి. భయానికి కారణం లేకపోలేదు.

దీనికి నిజంగా గుణం ఉందా, లేక అది రోగి నమ్మకమేనా? ఈ ప్రశ్నకు జవాబు కోసం గంగాధర్ గారు, ఆర్.ఎల్. కపూర్, కల్యాణసుందరం గార్లు కలిసి ఒక పరీక్ష చేసి 1982లో బ్రిటిషు మానసిక వైద్య పత్రికలో ప్రకటించారు. ఒక గుంపుకు నిజమైన కరెంటు వైద్యం, ఉత్తుత్తి మాత్రలు. రెండవ గుంపుకు ఉత్తుత్తి కరెంటు వైద్యం, నిజమైన ఇమిప్రమిన్ మాత్రలు. ఎవరికి ఏది అందుతున్నదో రోగికి గాని, గుణం కొలిచేవారికి గాని తెలియదు. ఆ పరీక్షలో కరెంటు వైద్యం ఇమిప్రమిన్‌కు తీసిపోలేదు. తరువాత 2000లో జానకిరామయ్య, గంగాధర్ గార్ల బృందం ఆస్పత్రిలో చేరిన 45 మంది తీవ్ర కుంగుబాటు రోగులను మూడు గుంపులుగా చేసి, నాలుగు వారాలు చూసింది. పూర్తిగా కోలుకున్నవారు కరెంటు వైద్యంలో నూటికి 93 మంది, ఇమిప్రమిన్‌లో 73, ఒక శ్వాస సాధనలో 67. గుంపుకు 15 మందే కనుక ఇది చిన్న పరీక్ష. అయినా దానిలో మాకు నచ్చిన సంగతి ఒకటి ఉన్నది. జనం భయపడే కరెంటు వైద్యాన్ని, జనం మెచ్చుకొనే శ్వాస సాధనను ఆయన ఒకే త్రాసులో పెట్టి తూచారు. దేనినీ ముందుగా కొట్టివేయలేదు, దేనినీ ముందుగా నెత్తికెత్తుకోలేదు.

అలాగే మదురైలో ఆచార్య ఎ. వెంకోబరావు గారు మన దేశపు రోగులలో కుంగుబాటు ఎలా కనపడుతుందో ఏళ్ల తరబడి పరిశోధించారు. మనవారు "మనసు బాగాలేదు" అని రారు. తలనొప్పి, ఒళ్లు నొప్పులు, గుండె దడ, నిద్ర లేదని వస్తారు. మన సంఘంలోను అంతే కదా! ప్రార్థన చీటీలలో "ఒంట్లో నలత" అని వ్రాసినవాటిలో ఎన్ని ఇటువంటివో!

మేము చూసిన కరెంటు వైద్యం

మా తమ్మునికి మూడవ డాక్టరు గారు రెండు మందులను సరైన మోతాదులో వాడి చూశారు. గుణం కొంచెమే. అతను అన్నం, నీళ్లు మానివేసే స్థితికి వచ్చినప్పుడు కరెంటు వైద్యం అన్నారు. మరదలు ఒక రాత్రంతా ఏడ్చింది. చివరికి తమ్ముడే, "ఇంతకన్నా ఏముంది వదినా, చేయనివ్వండి" అన్నాడు.

ఉదయం ఏమీ తినకుండా తీసుకొనివెళ్లాం. మత్తు డాక్టరు సూది వేసి నిద్రపుచ్చి, కండరాలు సడలే మందు ఇచ్చారు. తలకు కొన్ని సెకండ్లు కొద్దిపాటి విద్యుత్తు. మెదడులో మూర్ఛ వచ్చినా నిమిషం లోపలే ఆగింది. పైకి కాలివేళ్ల కదలిక తప్ప మాకేమీ కనపడలేదు. కొద్దిసేపటికి లేచి మంచినీళ్లు అడిగాడు. అటువంటివి ఎనిమిది ఇచ్చారు. నాలుగవది అయిన మరునాడు ఇడ్లీలోకి కారప్పొడి లేదేమని అడిగాడు. మేము వంటింట్లోకి వెళ్లి ఏడ్చాం.

నష్టం కూడా చెప్పాలి. ఆ ఏటి క్రిస్మసు అతనికి ఈనాటికీ జ్ఞాపకం లేదు. ఫోటోలు చూపిస్తే నవ్వి ఊరుకుంటాడు. కొందరికి అటువంటి మరపు కొంత మిగిలిపోతుంది. ఇంకొకటి, కరెంటు వైద్యం తరువాత మందు ఆపితే జబ్బు తిరగబెట్టే అవకాశం చాలా ఎక్కువ. ఇది తెలిసి ఒప్పుకోవాలి. మత్తు, కండరాల మందు లేకుండా ఈ వైద్యం ఇవ్వకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. ఎవరైనా అలా ఇస్తామంటే కాదనే హక్కు మనకున్నది.

ఇంకా ఉన్న మెట్లు

కరెంటు వైద్యం తరువాత మా తమ్మునికి కుంగుబాటు మందుకు తోడుగా లిథియం ఇచ్చారు. ఇది భూమిలో దొరికే ఒక లవణం. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే వైద్యుడు దీని గుణాన్ని కనిపెట్టాడు. లొంగని కుంగుబాటుకు తోడు మందుగా 1980ల నుండి పేరుకెక్కింది. ఆత్మహత్య తలంపు ఉన్నవారిని కాపాడుతుందని కూడా దీనికి పేరు. కాని రక్తంలో దాని పాళ్లు, కిడ్నీ, థైరాయిడ్ పరీక్షించుకుంటూ ఉండాలి. ఒంట్లో నీరు తగ్గితే అది విషం కాగలదు. కనుక మన రోహిణి ఎండల్లో, వాంతులు విరేచనాలు పట్టినప్పుడు జాగ్రత్త. ముఖ్యంగా సంఘస్థులకు మనవి: లిథియం వాడేవారిని డాక్టరును అడగకుండా ఉపవాస ప్రార్థనకు కూర్చోబెట్టకండి. పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని ఉపవాసం వారికి ప్రాణాపాయం.

మత్తు మందుగా వాడే కెటమిన్‌ను తక్కువ మోతాదులో ఇస్తే కొందరికి గంటల్లోనే దిగులు తేలికపడుతుందని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వారు 2000లో చూపించారు. దానికి దగ్గరి మందు ఎస్కెటమిన్. ముక్కులో కొట్టే ఆ మందుకు అక్కడ 2019లో అనుమతి వచ్చింది. ఆ గుణం చాలామందిలో రోజులకే తరిగిపోతుంది. రక్తపోటు పెరగవచ్చు, అలవాటు పడే భయమూ ఉన్నది. కనుక ఆస్పత్రిలో, డాక్టరు కళ్లముందే జరగాలి. తలమీద అయస్కాంతపు చుట్ట పెట్టి చేసే టి.ఎం.ఎస్. చికిత్సకు మూలమైన యంత్రాన్ని 1985లో ఇంగ్లండులోని షెఫీల్డులో ఆంథొనీ బార్కర్ బృందం చేసింది; కుంగుబాటుకు అమెరికాలో 2008లో అనుమతించారు. దీనికి మత్తు అక్కరలేదు, మరపు రాదు. కాని వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు తిరగాలి. మెదడులోనే సన్నని తీగ అమర్చే శస్త్రచికిత్సను 2005లో కెనడాలో ఆరుగురికి చేస్తే నలుగురికి మేలు కలిగింది. తరువాతి పెద్ద పరీక్షలలో అంత స్పష్టంగా తేలలేదు. అది ఇంకా పరిశోధనలోనే ఉన్నది.

ఇవన్నీ యంత్రాల మాటలు. వీటితోపాటు, పనికిరానివాణ్ణి అనే తలంపును కూర్చోబెట్టి విప్పి చూపే మాట వైద్యం కూడా ఉన్నది. మందుకు తోడుగా అది కూడా పనిచేస్తుంది.

సంఘంగా మనం

మేము నేర్చుకున్నవి నాలుగు మాటలు మనవి చేస్తాం.

మొదటిది, ఎవరి మాత్రలనూ మనం ఆపించకూడదు. గుణం వచ్చాక కూడా కనీసం ఆరు నుండి తొమ్మిది నెలలు, తిరగబెట్టే జబ్బయితే ఇంకా ఎక్కువ కాలం వాడవలసి ఉంటుంది. ఆపవలసినది డాక్టరే, అదీ కొంచెం కొంచెంగా.

రెండవది, చావు మాట ఎవరి నోట వచ్చినా వేళాకోళంగా తీసుకోవద్దు. నేరుగా అడగండి. అడిగితే లేని తలంపు పుట్టదు, బరువు దిగుతుంది. మన డెల్టాలో పొలమున్న ప్రతి ఇంటిలోను పురుగుమందు ఉంటుంది. దానిని ఇంట్లో పెట్టవద్దు. పెట్టక తప్పకపోతే తాళం వేసి, తాళంచెవి వేరొకరి దగ్గర ఉంచండి. అటువంటి ప్రయత్నం చేసినవారు తీవ్రమైన మనోవేదనతో చేసినట్లే భావించాలని, వారిని శిక్షించరాదని 2017 చట్టం చెబుతున్నది. పోలీసు కేసుకు భయపడి ఆస్పత్రికి ఆలస్యం చేయవద్దు.

మూడవది, డబ్బు లేదని ఆగవద్దు. మన విజయవాడ ప్రభుత్వ ఆస్పత్రిలో మానసిక విభాగం ఉన్నది. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్‌కు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు; తెలుగులో మాట్లాడతారు.

నాలుగవది, రోగితో ఉండటం. వెల్లూరు వరండాలో ఇంటివారికి చోటిచ్చినట్లు, మన సంఘంలో ఆ ఇంటివారికి చోటివ్వాలి. మా మరదలిని ఆ రోజుల్లో చాలామంది "ఎలా ఉన్నాడు?" అని అడిగారు. "నువ్వెలా ఉన్నావమ్మా?" అని అడిగినవారు ఇద్దరే. వారి పేర్లు ఆమె ఇప్పటికీ చెప్పుకుంటుంది.

మా తమ్ముడు తిరిగి లేత్ మిషను ముందు నిలబడ్డాడు. పూర్తిగా పోయిందని చెప్పలేం. 2019లో ఒకసారి మళ్లీ వచ్చింది. ఈసారి పదిరోజులలోనే డాక్టరు దగ్గర ఉన్నాం, చేజారనివ్వలేదు. మాత్రల డబ్బా అతని బైబిలు ప్రక్కనే ఉంటుంది. రాత్రి ప్రార్థన అయ్యాక మాత్ర వేసుకుంటాడు. రెండింటికీ తగవు లేదు.

ఎవరైనా రెండు ఆదివారాలు వరుసగా గుడికి రాకపోతే, మూడవ ఆదివారం దాకా ఆగకండి. సాయంత్రం ఒక క్యారియరులో అన్నం, కూర పట్టుకొని వారింటికి వెళ్లండి. పాఠం చెప్పవద్దు. తినేదాకా ప్రక్కన కూర్చోండి. తరువాత, "రేపు డాక్టరు దగ్గరకు నేనూ వస్తాను" అనండి.